ఎడమకాలి పదవీ విరమణ

మా ఆవిడకి కారు తోలడం వచ్చు. నాకు కారు తోలడం గురించి మాట్లాడటం వచ్చు. ఈ తేడా మా ఇంట్లో అందరికీ ఎప్పటినుంచో తెలుసు. కానీ దానికో లెక్కల పుస్తకం పెట్టి, అంకెలతో సహా రుజువు చేసి, కింద సంతకం పెట్టినవాణ్ణి మాత్రం నేనే.

పుస్తకం సంగతి ముందు చెప్పాలి. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. రోజూ ఏదో ఒకటి టాలీ చెయ్యందే నాకు అన్నం సహించదు. అందుకని కారు కొన్ననాటి నుంచీ పొడుగాటి రిజిస్టరొకటి రాస్తున్నాను. తేదీ, మీటరు రీడింగు, పోయించిన లీటర్లు, కట్టిన డబ్బు, తోలింది ఎవరు, చివర్న రిమార్కులు. బంకులో కుర్రాడికి నేనంటే హడల్. ట్యాంకు నిండి గన్ను టక్కున ఆగగానే, అతను అలవాటు కొద్దీ ఇంకో రెండు నొక్కులు నొక్కి బిల్లు రౌండు చెయ్యబోతాడు. “వద్దు, వద్దు! ఆటో కట్ దగ్గరే ఆపెయ్!” అని నేను అరుస్తాను. పైగా ఎప్పుడూ అదే బంకు, అదే పంపు, బండి నిలబెట్టే చోటు కూడా అదే. నేల వాలు మారితే ట్యాంకు నిండే తీరు మారుతుందని నా సిద్ధాంతం. ఆ పంపు దగ్గర వరస ఉంటే, పక్క పంపు ఖాళీగా ఉన్నా సరే, ఇంజను ఆపుకుని కూర్చుంటాను. వెనకాల హారన్లు మోగుతుంటాయి. మా అమ్మాయి సీట్లోంచి కిందికి జారిపోతుంది.

“నాన్నా, మా ఫ్రెండ్స్ ఎవరైనా చూస్తే నువ్వు క్యాబ్ డ్రైవర్‌వని చెప్తాను” అంటుంది.

నేనేమీ అనుకోను. క్యాబ్ డ్రైవర్లకి మైలేజీ విలువ తెలుసు.

ఇంటికొచ్చిన చుట్టాలతో మాత్రం ఇదంతా పర్యావరణం కోసమని చెప్తాను. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుందని, లీటరు పెట్రోలు బరువు కిలో కూడా ఉండదు గానీ గాలిలోంచి ప్రాణవాయువుని కలుపుకోవడం వల్ల అంత బరువు వస్తుందని, కాఫీ కప్పు చేతిలో పట్టుకుని వివరిస్తాను. చుట్టాలు ఆశ్చర్యపోతారు. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినపడుతుంది: “పర్యావరణమేం కాదండీ, పిసినారితనం.”

అలాంటి నాకు కారు కొనే రోజొచ్చింది. మా ఆవిడ ఒకే ఒక షరతు పెట్టింది. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా రోజూ వెళ్ళి రావాలి, మోకాలు నొప్పి పెడుతోంది, క్లచ్చి తొక్కడం తన వల్ల కాదు, ఆటోమేటిక్ కావాలి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆటోమేటిక్ బళ్ళు పెట్రోలు తాగేస్తాయని, గేరు మార్చడం మనిషి చెయ్యవలసిన పని అని, ఎడమకాలికి పని లేకపోతే అది పాడైపోతుందని ఒక ఉపన్యాసం ఇచ్చాను. చివరి పాయింటు అప్పటికప్పుడు పుట్టింది.

నా వాదనలో మొదటి ముక్క పూర్తిగా అబద్ధమేమీ కాదు, పాతబడిన నిజం. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ ‘హైడ్రామాటిక్’ అనే గేరుబాక్సు పెట్టినప్పటి నుంచీ, అసలైన ఆటోమేటిక్ అంటే ఇంజనుకీ గేర్లకీ మధ్య నూనె ఉండేది. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే అది నూనెని చిమ్ముతుంది, ఆ నూనె తాకిడికి ఎదుటి చక్రం తిరుగుతుంది. రెండింటికీ ఇనుప బంధం లేదు కాబట్టి సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కినా ఇంజను ఆగిపోదు. హాయే. కానీ ఆ నూనెలో జారుడు ఉంటుంది, జారినదంతా వేడిగా పోతుంది, ఆ వేడికి డబ్బు కట్టేది మనం. తర్వాత్తర్వాత బండి వేగం అందుకోగానే ఆ రెండు చక్రాల్నీ గట్టిగా కలిపి పట్టుకునే లాకప్ క్లచ్చి వచ్చింది. మూడు, నాలుగు గేర్లుండే చోట ఆరు, ఎనిమిది వచ్చాయి. తేడా బాగా తగ్గిపోయింది. నేను మాత్రం ఎప్పుడో ఒక దూరపు చుట్టం విదేశీ కారు గురించి విన్న ఫిర్యాదునే పట్టుకుని వేలాడుతున్నాను.

షోరూంలో కుర్రాడు నన్ను ఒకే ఒక్క మాటతో పడగొట్టాడు. “సార్, ఇది ఆటోమేటిక్ కాదు, మాన్యువలే. గేర్లు మాత్రం మీ బదులు ఇంకొకరు మారుస్తారు.”

అదే ఏఎంటీ. మన దేశంలో మామూలు కుటుంబాలు కొనే కార్లలోకి దీన్ని 2014లో మారుతీ సెలేరియో తీసుకొచ్చింది. ఇటలీ కంపెనీ మాగ్నెటి మారెల్లి పరిజ్ఞానం. పెట్టె లోపలున్నవి పాత గేర్లే, పాత క్లచ్చి ప్లేటే. మన ఎడమకాలు, ఎడమచెయ్యి చేసే పనిని ఒక పంపు, నూనె ఒత్తిడి, ఒక చిన్న కంప్యూటరు కలిసి చేస్తాయి. నూనెలో జారే చక్రాలు లేవు. అందుకే అప్పట్లో ఆ కారుకి మాన్యువల్ మోడలైనా, ఏఎంటీ మోడలైనా కంపెనీ ప్రకటించిన మైలేజీ ఒక్కటే, లీటరుకి 23.1 కిలోమీటర్లు. ఈ అంకె చూశాక నా నోటికి తాళం పడింది. మేం కొన్నది ఏ కంపెనీ కారో చెప్పను. ఇక ముందు దానికి నా చేతిలో జరిగినవి చదివితే, ఆ కంపెనీవాళ్ళు నా మీద జాలిపడే అవకాశం లేదు.

ఏఎంటీకి ఒక అలవాటుంది. గేరు మారేటప్పుడు క్లచ్చి వదలాలి, పాత గేరు తియ్యాలి, కొత్తది వెయ్యాలి, మళ్ళీ పట్టుకోవాలి. ఆ మధ్యలో చక్రాలకి శక్తి అందదు. బండి ఒక్క క్షణం ముందుకు తూగి, మళ్ళీ వెనక్కి లాగుతుంది. కొత్తలో నేను కాలు అదిమి తొక్కుతుంటే, బండిలో ఉన్న నలుగురం పెళ్ళిచూపుల్లో కట్నం మాట వచ్చినప్పటి పెద్దల్లాగా ఒకేసారి తలలూపేవాళ్ళం. దీనికి మందు చిన్నదే. గేరు మారబోతోందని తెలియగానే ఎక్సలేటరు మీంచి కాలు కాస్త సడలించాలి. ఈ రహస్యాన్ని నేను ఎక్కడో చదివి, కాగితం మీద బొమ్మ గీసి మా ఆవిడకి బోధించాను. ఆవిడ ఓపిగ్గా విని, “నేను మొదటిరోజు నుంచీ అదే చేస్తున్నానండీ, మీరు తోలితేనే కదా మెడ నొప్పి వచ్చేది” అంది.

ఇక రిజిస్టరు విషయానికొస్తాను. ‘తోలింది ఎవరు’ అనే గడి పెట్టడం నేను చేసిన అతి తెలివి. ఆవిడ ఎంత పెట్రోలు వృథా చేస్తోందో చూపించి, మెల్లిగా నా పద్ధతిలోకి తెద్దామని. మొదటి నెలలో ఆవిడ సగటు నాకంటే ఎక్కువ వచ్చింది. ఏసీ వెయ్యకుండా తోలావా అని అడిగాను. వేశానంది. రెండో నెలలోనూ అంతే. ఆవిడ ఫ్లైఓవర్ల మీదుగా వెళ్తుంది కాబట్టి అని రిమార్కుల్లో రాశాను. తర్వాత నెలల్లో ‘టైర్లలో గాలి కొత్తది’, ‘వర్షాకాలం’, ‘పండగ సెలవులు, రోడ్లు ఖాళీ’ అని రాశాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ ఆడిట్ అభ్యంతరానికీ నేనింత కష్టపడి సమాధానం రాయలేదు.

కారణం లేకపోలేదు. నేను బండిని కంప్యూటరుకి వదిలిపెట్టలేదు. గేరు రాడ్డు ‘డి’లో పెడితే అదే మార్చుకుంటుంది. ‘ఎమ్’లోకి తోస్తే మనం చెప్పినప్పుడు మారుస్తుంది. నేనెప్పుడూ ఎమ్‌లోనే. ఎంత తొందరగా టాప్ గేరులోకి వెళ్తే అంత పొదుపు అనే సూత్రం నాకు తెలుసు మరి. ఆ సూత్రం నిజమే, కారణం కూడా చెప్తాను. అదే వేగానికి పై గేరులో ఇంజను తక్కువ చుట్లు తిరుగుతుంది, లోపల రాపిడి తగ్గుతుంది. పైగా పెట్రోలు ఇంజనులో గాలి వెళ్ళే దారికి ఒక మూత ఉంటుంది. ఇంజను తక్కువ బరువుతో ఎక్కువ చుట్లు తిరుగుతుంటే ఆ మూత కొంచెమే తెరుచుకుని ఉంటుంది, ఆ సందులోంచి గాలి పీల్చుకోవడానికే ఇంజను శక్తి కొంత ఖర్చయిపోతుంది. పై గేరులో మూత ఎక్కువ తెరుచుకుంటుంది, ఆ నష్టం తగ్గుతుంది. ఇంతవరకూ నేను పండితుణ్ణే.

కానీ దీనికి ఒక హద్దుంది. ముప్ఫై వేగంలో ఐదో గేరు వేస్తే బండి గునుస్తుంది. ఇంజను గుడగుడలాడుతుంది, డ్యాష్‌బోర్డు మీద పెట్టిన బుల్లి వినాయకుడు వణుకుతాడు. ముందు ఆటో కదలగానే అందుకోవడానికి కాలు బలంగా తొక్కాలి, అలా తొక్కినప్పుడల్లా ఇంజనులోకి పెట్రోలు మామూలుకన్నా చిక్కగా వెళ్ళే అవకాశం ఉంది. ఒక్కోసారి నా ఆర్డరుని కంప్యూటరే ఒప్పుకోదు, కింది గేరుకి దానంతట అది దిగిపోతుంది. నేను మళ్ళీ పైకి తోస్తాను, అది మళ్ళీ దింపుతుంది. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఇలా నేనూ గేరుబాక్సూ కొట్లాడుకుంటుంటే, మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, “దానికి ఉద్యోగం ఇచ్చింది మీరేనండీ, చెయ్యనివ్వండి” అంటుంది.

ఖరీదైన పాఠం ఒకటి ఫ్లైఓవర్ ఎక్కే వాలు మీద జరిగింది. సాయంత్రం, ముందు ఇసుక లారీ, అంగుళం అంగుళం కదులుతోంది. మాటిమాటికీ బ్రేకు తొక్కి వదలడం ఎందుకని, ఎక్సలేటరు మీద కాలు సున్నితంగా ఆనించి, బండి వెనక్కీ పోకుండా ముందుకీ పోకుండా గాల్లో ఆపినట్టు నిలబెట్టాను. నా నైపుణ్యానికి నేనే మురిసిపోయాను. ఏఎంటీలో అలా నిలబెడితే లోపల క్లచ్చి సగం పట్టి సగం జారుతూ ఉంటుంది. మాన్యువల్ బండిలో హాఫ్ క్లచ్చి మీద ఆపితే ఏమవుతుందో సరిగ్గా అదే. కాసేపటికి బండిలో మాడు వాసన. ముందు లారీదే అనుకున్నాను. మా అమ్మాయి, “నాన్నా, లారీ వెళ్ళిపోయింది, వాసన వెళ్ళలేదు” అంది.

మా వీధి చివరి మెకానిక్ ప్లేటు విప్పి నా చేతిలో పెట్టాడు. అంచుల దగ్గర నల్లగా నీలంగా మారి, గోరు పెట్టి గీకితే పొడి రాలుతోంది. “సార్, మైలేజీ కోసం తోలారా?” అని అడిగాడు. ఎలా తెలిసిందని అడగలేదు. ఆ బిల్లుని రిజిస్టరులో ఏ పద్దు కింద రాయాలో తెలియక కొన్నాళ్ళు సస్పెన్స్ ఖాతాలో పెట్టాను. వాలు మీద ఆగితే బ్రేకు తొక్కి ఉంచాలి, ఎక్కువసేపైతే హ్యాండ్‌బ్రేకు వెయ్యాలి. ఈ ముక్క బండితో పాటు ఇచ్చిన పుస్తకంలోనే ఉందట. ఆ పుస్తకం కవరు ఇప్పటికీ చింపలేదు.

నా అజ్ఞానం ఇంటివరకే పరిమితమైతే బాగుండేది. మా బావమరిది సీవీటీ గేరుబాక్సున్న కారు కొన్నాడు. గృహప్రవేశం పీటల మీద అందరూ ఉండగా, “అదేం గేరుబాక్సు బావా, రబ్బరు బ్యాండు కట్టి తిప్పుతారట కదా!” అని వెక్కిరించాను. అతను నవ్వి ఊరుకున్నాడు. తర్వాత వారమే నా స్కూటరు పికప్ తగ్గిందని అదే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, ఎడమవైపు మూత తీశాడు. ముందొక కప్పీ, వెనకొక కప్పీ, రెండింటి మధ్య పళ్ళున్న రబ్బరు బెల్టు. ముందు కప్పీలో గోళీల సైజు రోలర్లు ఆరు. వాటిలో ఒకదాన్ని తీసి నాకు చూపించాడు, ఒక పక్క అరిగి బల్లపరుపుగా అయిపోయింది. ఇంజను వేగం పెరిగితే ఈ రోలర్లు బయటికి జరిగి కప్పీ చెక్కల్ని దగ్గరికి తోస్తాయి, సందు ఇరుకై బెల్టు పైకి లేస్తుంది. ముందు పైకి లేచేకొద్దీ వెనక కప్పీలో బెల్టు లోపలికి దిగుతుంది. గేరు మారిందన్నమాట, కానీ మెట్లు మెట్లుగా కాదు. రోలరు చదునైతే జరగదు, అందుకే నా స్కూటరు పైకి లాగడం లేదు.

“ఇదేమిటి?” అన్నాను.

“సీవీటీ సార్” అన్నాడు.

మన దేశంలో 1984లో వచ్చిన కైనెటిక్ హోండా, 2001లో వచ్చిన యాక్టివా మొదలుకుని, ఇవాళ కూరగాయల మార్కెట్టు ముందు వరసలో నిలబడిన గేరులేని పెట్రోలు స్కూటర్ల దాకా అన్నిటిదీ ఇదే పద్ధతి. అసలిది హాలండ్‌లో పుట్టిన కారు విద్య. హుబ్ వాన్ డోర్న్ అనే ఆయన కంపెనీ 1958లో డాఫ్ 600 అనే చిన్న కారుని రబ్బరు బెల్టులతో తెచ్చింది. ఇప్పటి కార్లలో ఆ రబ్బరు పోయి, ఉక్కు పలకలు గుచ్చిన బెల్టు వచ్చింది. దీని లాభమల్లా ఇంజనుని దానికి ఇష్టమైన చుట్ల దగ్గరే ఉంచి, బండి వేగాన్ని కప్పీలతో మార్చుకోవడం. నష్టం కూడా ఉంది. బెల్టు జారకుండా గట్టిగా పట్టి ఉంచాలంటే నూనె పంపు నిరంతరం పని చెయ్యాలి, దానికి కొంత శక్తి పోతుంది. గట్టిగా తొక్కితే ఇంజను ముందు అరుస్తుంది, బండి తర్వాత కదులుతుంది. మా బావమరిది నిమ్మళంగా తోలే మనిషి, అతనికి చక్కగా సరిపోయింది. నేను మాత్రం యౌవనమంతా సీవీటీ మీద ఊరేగి, అరవయ్యో పడిలో సీవీటీని తిట్టినవాణ్ణి. బావమరిదికి ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. ఈ వ్యాసం అతని కంటపడకూడదని కోరుకుంటున్నాను.

డీసీటీ గేరుబాక్సు జోలికి నేను ఎక్కువ పోను. మా మేనల్లుడికి ఉంది. రెండు క్లచ్చిలు, ఒకటి బేసి గేర్లకి, ఇంకొకటి సరి గేర్లకి. ఒక గేరు నడుస్తుండగానే తర్వాతది సిద్ధంగా ఉంటుంది. మారినట్టే తెలియదు, హైవే మీద పెట్రోలు కూడా పొదుపే. నూనె లేని పొడి క్లచ్చి రకమైతే గంటల తరబడి పాకే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. మా ఫ్లైఓవర్ అనుభవం తర్వాత నా చేతికి రెండు క్లచ్చిలు ఇచ్చే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇదంతా నా సొంత తెలివే అనుకోకండి, దీనికి వంశపారంపర్యం ఉంది, అదీ అత్తగారి వైపు నుంచి. మా మామగారు అంబాసిడర్ తోలిన మనిషి. స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, నాలుగు గేర్లు. పల్లం వస్తే చాలు న్యూట్రల్ వేసేసి, “చూశావా అల్లుడూ, ఇప్పుడు బండి దేవుడి ఖర్చు మీద నడుస్తోంది” అనేవారు. ఆ రోజుల్లో ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. కార్బురేటరున్న ఇంజనుకి కాలు తీసినా పెట్రోలు వెళ్తూనే ఉంటుంది, గేరులో ఉంటే ఎక్కువ చుట్లు తిరుగుతూ ఎక్కువ పీల్చుకుంటుంది.

నేను ఆయన ఏకైక శిష్యుణ్ణి. ఒకసారి తిరుమల నుంచి దిగుతున్నాం. దిగే దారి 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. దర్శనం బాగా అయిన తృప్తిలో రాడ్డు న్యూట్రల్‌లోకి తోశాను. బండి జారుకుంటూ వేగం పట్టింది. ప్రతి మలుపు దగ్గరా బ్రేకు తొక్కాలి. కాసేపటికి బ్రేకు పెడల్ మెత్తబడినట్టు అనిపించింది. మా ఆవిడ గోవిందనామాలు ఆపేసింది, అది నాకు అలవాటున్న హెచ్చరికే. వెనక సీట్లోంచి మామగారు మాత్రం “శభాష్” అన్నారు.

మా అమ్మాయి నోరు విప్పింది. “నాన్నా, మీటరు చూడు.” బండిలో ఆ క్షణానికి మైలేజీ ఎంతో చూపించే గీత ఒకటి ఉంటుంది. న్యూట్రల్‌లో అది కొంచెం కిందే ఆడుతోంది. “ఇప్పుడు గేరులో పెట్టి కాలు తియ్యి” అంది. రెండో గేరులోకి తెచ్చాను. ఇంజను హోరుమంది, బండిని వెనక్కి పట్టుకుంది, గీత చివరిదాకా పోయి అక్కడే నిలబడింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళలో, గేరులో ఉండి కాలు తీస్తే పెట్రోలు చుక్క కూడా వెళ్ళదు. చక్రాలే ఇంజనుని తిప్పుతాయి, ఆ తిప్పే శ్రమే బ్రేకులా పనిచేస్తుంది. న్యూట్రల్ వేశామా, ఇంజను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. అంటే నేనింతకాలం ప్రాణాలకి తెగించి పెట్రోలు దండగ చేస్తూ వచ్చాను. ఇరవయ్యేళ్ళు దాటింది, ఇంజెక్షన్ వచ్చి. మా మామగారి సూత్రం మాత్రం రిటైరు కాలేదు.

సరిగ్గా అప్పుడే ఒక ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సు మా వెనకే నిమ్మళంగా దిగుతూ వచ్చింది. 2022 బ్రహ్మోత్సవాల నుంచీ కొండ మీద అవి తిరుగుతున్నాయి. దిగేటప్పుడు దాని మోటారే జనరేటరైపోయి బస్సుని అదుపులో పెడుతుంది, వచ్చిన కరెంటుని తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. మొత్తం తిరిగి రాదు, కొంత వస్తుంది. ఈ సంగతి చెప్పగానే మామగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “అంటే దిగినందుకు వాళ్ళకి ఎదురు డబ్బులిస్తున్నారన్నమాట” అన్నారు. ఆయన గొంతులో అంత అసూయ నేనెప్పుడూ వినలేదు.

నాకున్న మిగతా విద్యలు క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ఇంధన పొదుపు గురించి ప్రచారం చేసే ప్రభుత్వ సంస్థ పీసీఆర్‌ఏ, బండిని 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంలో తోలమని ఎన్నో ఏళ్ళుగా చెబుతోంది. వేగం పెరిగేకొద్దీ గాలి ఎదురుతోపు చాలా ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి అది మంచి సలహా. నేను దాన్ని విజయవాడ హైవే మీద అక్షరాలా పాటించాను. సూర్యాపేట దాకా మా అత్తగారు మర్యాద పాటించారు, తర్వాత ఆగలేదు. “బాబూ, ముహూర్తం ఇవాళే” అన్నారు. మరోసారి, ప్రకటించిన మైలేజీ రావట్లేదని షోరూంకి వెళ్ళి రిజిస్టరు బల్ల మీద పరిచాను. పరీక్ష జరిగేది రోడ్డు మీద కాదని, రోలర్ల మీద బండిని నిలబెట్టి, ఏసీ ఆపి, గంటకి 90 కిలోమీటర్లు మించకుండా, ముందే రాసిపెట్టిన క్రమంలో నడుపుతారని అక్కడి మేనేజరు చెప్పాడు. అలాంటి రోడ్డు ఎక్కడుందో చెబితే అక్కడే ఇల్లు అద్దెకి తీసుకుంటానన్నాను. చల్లని మంచినీళ్ళిచ్చి పంపించారు.

మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాటువాళ్ళది హైబ్రిడ్. పార్కింగులో చప్పుడు లేకుండా వచ్చి పక్కన నిలబడుతుంది. దాని గేరుబాక్సు చూద్దామని వెతికితే, మామూలు అర్థంలో గేరుబాక్సే లేదు. టయోటా 1997లో ప్రియస్‌తో తెచ్చిన ఏర్పాటు అది. నడుమ ఒక పళ్ళచక్రం, దాని పేరు సూర్యుడు. చుట్టూ తిరిగేవి గ్రహాలు. బయట ఒక వలయం. ఇంజను గ్రహాల్ని తిప్పుతుంది, ఒక జనరేటరు సూర్యుణ్ణి పట్టుకుంటుంది, వలయం నుంచి చక్రాలకి శక్తి వెళ్తుంది. జనరేటరు వేగం మారిస్తే చాలు, గేరు మారినట్టే. మన దగ్గర 2022లో వచ్చిన హైరైడర్, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లకి కంపెనీలు లీటరుకి 27.97 అని ప్రకటించుకున్నాయి. ఊళ్ళో ఆగుతూ సాగుతూ ఉంటేనే ఇది బాగా పొదుపు చేస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతుంది, బ్రేకు తొక్కినప్పుడల్లా కరెంటు వెనక్కి వస్తుంది. నేను మామగారికి సూర్యుడు, గ్రహాలు అని వివరిస్తుంటే ఆయన, “రాహుకాలంలో కూడా నడుస్తుందా?” అని అడిగారు. ఎగతాళో, నిజంగా సందేహమో తేల్చుకోలేకపోయాను.

ఇప్పుడు కారు మార్చే సమయం వచ్చింది. ఇంట్లో ఓటింగు జరిగింది, ఎలక్ట్రిక్ అని తేలింది. నేను వ్యతిరేకంగా వేసిన ఒక్క ఓటూ చెల్లలేదు, కారణం చెప్పలేకపోయాను కాబట్టి. ఎలక్ట్రిక్ మోటారు కదలకముందు నుంచే పూర్తి బలంతో లాగుతుంది, అక్కడి నుంచి నిమిషానికి వేల చుట్ల దాకా పోగలదు. పెట్రోలు ఇంజనుకి బలం ఉండేది మధ్యలో ఒక ఇరుకు జాగాలోనే, ఆ జాగాలో నిలబెట్టడానికే ఇన్ని గేర్లు, ఇన్ని క్లచ్చిలు, ఇంత నూనె. మోటారుకి ఆ గొడవ లేదు, చుట్లు తగ్గించే పళ్ళచక్రాల జత ఒక్కటి చాలు, దాన్ని మార్చే పనే రాదు. మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గు నుంచే వస్తోంది కదా అని చివరి అస్త్రం వేశాను. మా అమ్మాయి, “నాన్నా, మేడ మీద సోలార్ పలకలు పెట్టిద్దామా?” అంది. ఖర్చు మాట వచ్చేసరికి పర్యావరణం గురించి మాట్లాడటం ఆపేశాను.

బాధల్లా ఒకటే. క్లచ్చి లేదు, గేరు లేదు, ఎప్పుడు మార్చాలో నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు. యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లో రాసుకుందామనుకుంటే అది కూడా తెర మీద తానే రాసుకుంటుందట, ఎవరు తోలారో కూడా.

పాఠకుల్లో ఎవరైనా బండి కొనబోతున్నవారుంటే నా సలహా అడక్కపోయినా చెప్తాను. ఎక్కువగా హైవే మీద తిరిగేవాళ్ళు మాన్యువల్‌కి ఇప్పటికీ వంక పెట్టక్కర్లేదు, ధర తక్కువ, రిపేరు సులువు. ఊళ్ళో ట్రాఫిక్‌లో బతికేవాళ్ళు, బడ్జెట్ బిగువుగా ఉంటే, ఏఎంటీ తీసుకోండి. గ్యాసు బండి కావాలనుకున్నా 2024 నుంచీ టియాగో, టిగోర్‌లలో సీఎన్జీతో ఏఎంటీ దొరుకుతోంది. డబ్బుంటే హైబ్రిడ్, ఇంటి దగ్గర ఛార్జింగు సదుపాయముంటే ఎలక్ట్రిక్. ఏది కొన్నా రాడ్డుని డిలో పెట్టి వదిలెయ్యండి, వాలు మీద బ్రేకు తొక్కి ఉంచండి, టైర్లలో గాలి నెలకోసారి చూయించండి. ఇక ఘాట్ రోడ్డు దిగుతూ న్యూట్రల్ వేసే పెద్దమనిషి మీ ఇంట్లోనూ ఉంటే, ఆయన ఎంత కోప్పడినా సరే, దయచేసి తాళాలు ఇవ్వకండి. వెనక సీట్లో మా మామగారి పక్కన చోటుంది, నేను కూడా అక్కడే కూర్చుంటున్నాను.